లో-ఫ్లోర్ సిటీ బస్సు: అపోహలు - వాస్తవాలు

సిటీ బస్సుల నిర్వహణ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మెట్లెక్కే పని లేకుండా నేల రోడ్డుకు దగ్గరగా ఉండే లో-ఫ్లోర్ బస్సు గురించి ప్రయాణికులే కాదు, బస్సులు కొనే అధికారులూ నడిపే డ్రైవర్లూ కూడా కొన్ని మాటలు పదేపదే అంటూ ఉంటారు. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. వివరించడానికి మెర్సిడెస్-బెంజ్ సిటారోను ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1997లో వచ్చి, 2011లో రెండో తరానికి మారి, ఇప్పటికి 50,000కు పైగా తయారైన ఈ మోడల్‌లో లో-ఫ్లోర్ నిర్మాణంలోని మంచిచెడ్డలు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

అపోహ: మామూలు బస్సును కాస్త కిందికి దించితే లో-ఫ్లోర్ బస్సు అవుతుంది.

ఒకసారి చక్రాన్ని కొలిచి చూస్తే ఈ మాట ఎందుకు నిలవదో తెలుస్తుంది. సిటారో తలుపు దగ్గర నేల రోడ్డుకు సుమారు 32 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇలాంటి బస్సులకు వేసే 275/70 ఆర్ 22.5 సైజు టైరు వ్యాసం దాదాపు 95 సెంటీమీటర్లు, బరువుకు కొంత నొక్కుకుపోయినా చక్రం మధ్యబిందువు రోడ్డుకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. సాధారణ వెనక యాక్సిల్‌లో రెండు చక్రాలను కలిపే గొట్టం సరిగ్గా ఆ ఎత్తులోనే అడ్డంగా పోతుంది, దాని నడుమ డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే పళ్లచక్రాల పెట్టె) ఇంకా ఉబ్బెత్తుగా ఉంటుంది. అంత ఎత్తున అడ్డంగా ఉన్న ఇనుప దూలాన్ని దాటి నడవాను వెనక దాకా పరచాలంటే స్ప్రింగులు ఎంత కుదించినా కుదరదు.

అందుకే ఈ బస్సులకు పోర్టల్ యాక్సిల్ వాడతారు. ఇందులో గొట్టం చక్రాల మధ్యబిందువు కంటే కిందుగా పోతుంది, డిఫరెన్షియల్‌ను నడుమ నుంచి ఒక పక్కకు జరుపుతారు, గొట్టం రెండు చివర్లలో ఉండే పళ్లచక్రాలు శక్తిని మళ్లీ పైకి, చక్రం మధ్యకు చేరుస్తాయి. అడవి దారుల్లో తిరిగే యూనిమాగ్ లాంటి వాహనాల్లో ఇదే ఏర్పాటును తలకిందులుగా, బండిని నేలకు ఎత్తుగా ఉంచడానికి వాడతారని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. ఇంజిన్ వెనక మూలకు వెళుతుంది, గేర్‌బాక్స్ దాని వెంటే ఉంటుంది, వెనక యాక్సిల్ మీదుగా నేల కొద్దిపాటి వాలుతో సాగుతుంది. ఈ సౌకర్యం ఉచితంగా రాదు. చక్రాల దగ్గర అదనంగా పళ్లచక్రాలు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు ఉంటాయి కాబట్టి సీలు కారుతున్న సంగతి ఆలస్యంగా గుర్తిస్తే ఖర్చు పెద్దదవుతుంది. లో-ఫ్లోర్ బస్సు కొంటూ వర్క్‌షాప్ సిబ్బందికి శిక్షణ ఇవ్వకపోవడం నా దృష్టిలో క్షమించరాని పొదుపు.

అపోహ: లో-ఫ్లోర్ అని రాసి ఉన్న బస్సులన్నీ ఒకటే.

కావు. ముందు తలుపు నుంచి చివరి తలుపు దాకా మెట్టు లేనిది పూర్తి లో-ఫ్లోర్. మధ్య తలుపు దాకా మాత్రమే నేల కిందుగా ఉండి, ఆ తర్వాత లోపల మెట్లెక్కాల్సి వచ్చేది లో-ఎంట్రీ. సిటారోలో రెండు రకాలూ ఉన్నాయి. లో-ఎంట్రీలో మామూలు వెనక యాక్సిల్ సరిపోతుంది కనుక నిర్వహణ తేలిక. శివారు మార్గాలకు అది మంచి ఎంపికే. నిమిషానికొక స్టాపు వచ్చే నగర మధ్యంలో మాత్రం జనం ఆ లోపలి మెట్ల ముందే గుమిగూడిపోతారు.

అపోహ: సీట్లు తగ్గుతాయి, కాబట్టి బస్సు మోసే జనమూ తగ్గుతారు.

సీట్లు తగ్గే మాట నిజమే. చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొస్తాయి, వాటి మీది సీట్లు ఎత్తుగా అమరుతాయి. అయినా నిలుచునే చోటు కలుపుకుంటే 12 మీటర్ల బస్సులో దాదాపు 100 మంది పడతారు. పైగా రోజంతా బస్సు ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందో నిర్ణయించేది సీట్ల సంఖ్య కంటే స్టాపుల్లో పోయే సమయం. లండన్‌లో 2002 నుంచి 2011 వరకు నడిచిన 18 మీటర్ల సిటారో జంట బస్సుల్లో (రెండు భాగాలను మధ్యలో కీలుతో కలిపినవి) మూడు తలుపుల నుంచీ ఎక్కనిచ్చేవారు. టికెట్ ఎగవేతల గురించి అక్కడ విమర్శలు వచ్చాయి గానీ, మెట్లు లేని నేల, వెడల్పైన తలుపులు కలిస్తే జనం ఎంత త్వరగా ఎక్కి దిగగలరో ఆ బస్సులు చూపించాయి.

అపోహ: ఈ ఏర్పాటంతా చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసమే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, గర్భిణులు, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు, చేతిలో పెట్టె ఉన్న ప్రతి మనిషీ దీని వల్ల లాభపడతారు. అయితే చక్రాల కుర్చీ విషయంలో లెక్క చాలా కచ్చితంగా ఉండాలి. మీటరు పొడవున్న ర్యాంపును 32 సెంటీమీటర్ల నేల నుంచి నేరుగా రోడ్డు మీదికి దించితే వాలు 32 శాతం. ఆ వాలు మీద ఎవరూ సొంతంగా ఎక్కలేరు, తోసేవారికీ కష్టమే. కాలిబాట 15 సెంటీమీటర్ల ఎత్తుంటే వాలు 17 శాతానికి దిగుతుంది. దానికి తోడు డ్రైవర్ మీట నొక్కి, బస్సు బరువును మోసే గాలి సంచుల్లోని (ఎయిర్ సస్పెన్షన్) గాలి వదిలి బస్సును కాలిబాట వైపు మరో 7 సెంటీమీటర్లు వంచితే 10 శాతమవుతుంది. 15 సెంటీమీటర్ల కాలిబాట మీద ర్యాంపు వాలు 12 శాతం దాటరాదని ఐక్యరాజ్యసమితి 107వ నిబంధన చెబుతోంది. అంటే బస్సు, కాలిబాట, డ్రైవర్ చేతిలోని మీట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రయాణికుడు స్టాపులోనే ఉండిపోతాడు.

నేను పనిచేసిన ఒకచోట గాలి సంచులు త్వరగా పాడవుతున్నాయని ఆ వంగే మీటను బస్సులన్నిటిలోనూ పనిచేయకుండా చేశారు. పత్రాల్లో అవి లో-ఫ్లోర్ బస్సులుగానే కొనసాగాయి. ఆ నిర్ణయాన్ని అడ్డుకోవడానికి నేను గట్టిగా పట్టుబట్టనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

అపోహ: స్పీడ్ బ్రేకర్లున్న రోడ్లకు ఇవి పనికిరావు.

అడ్డదిడ్డంగా పోసిన ఎత్తైన గుట్టల మీద ముందు, వెనక భాగాలు రాసుకునే ప్రమాదం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అయితే వంచే సస్పెన్షనే బస్సును పైకి లేపగలదు కూడా. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మీట నొక్కి లేపి దాటించాలని డ్రైవర్లకు నేర్పాలి. మార్గం మొదలుపెట్టే ముందు ఖాళీ బస్సుతో ఒకసారి, ఇసుక బస్తాలు నింపిన బస్సుతో ఒకసారి తిరిగి చూస్తే, ఏ గుట్టను సరిచేయాలో రోడ్ల విభాగానికి చూపించి అడగవచ్చు.

అపోహ: బ్యాటరీ, హైడ్రోజన్ బస్సుల్లో నేలను కిందుగా ఉంచలేరు.

2003లో మొదలైన ప్రయోగంలో ఐరోపాలోని 9 నగరాల్లో తిరిగిన 27 సిటారో ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి విద్యుత్తు తయారుచేసుకునే) బస్సులు హైడ్రోజన్ సిలిండర్లను పైకప్పు మీద మోశాయి. 2018లో వచ్చిన ఇ-సిటారో బ్యాటరీల్లో ఎక్కువ భాగం కూడా అక్కడే ఉంటుంది, కాబట్టి కింద నేలకు అడ్డు రాదు.

అపోహ: బస్సు కొంటే పని అయిపోయినట్టే.

స్టాపు దగ్గర కాలిబాటకు అర మీటరు దూరంలో ఆగితే, నేల ఎంత కిందుగా ఉన్నా ప్రయాణికుడు ముందు రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కాల్సిందే. దగ్గరగా ఆపితే టైరు దెబ్బతింటుందని డ్రైవర్లు జంకుతారు, ఆ భయం న్యాయమైనదే. జర్మనీలోని కాసెల్ నగరంలో దీనికి పరిష్కారంగా అంచు లోపలికి వంపు తిరిగిన ప్రత్యేకమైన కాంక్రీటు దిమ్మెను రూపొందించారు. టైరు పక్కభాగం ఆ వంపులో ఒరుసుకుంటూ దెబ్బతినకుండా దానంతటదే దారిలో పడుతుంది, బస్సుకూ కాలిబాటకూ మధ్య కొద్దిపాటి సందు మాత్రమే మిగులుతుంది. కొత్త బస్సుల టెండరు రాసేటప్పుడే ఇలాంటి దిమ్మెలకూ, స్టాపుల ముందు వాహనాలు నిలపకుండా చూసే ఏర్పాటుకూ డబ్బు కేటాయించమని నేను ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాను.