బండి పట్టా, విమానం లగ్గు

కావలి నుంచి పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "సార్, అమెరికాలో వాళ్లు ఇంటి షెడ్డులోనే విమానం కట్టుకునే వీడియోలు చూస్తున్నాను. వైరింగ్‌లో టంకం దాదాపు ఎక్కడా కనపడదు. తీగ కొనకు లగ్గు అనే చిన్న లోహపు గొట్టం పెట్టి నొక్కేసి వదిలేస్తారు. మా ల్యాబులో మాత్రం సోల్డరింగే గట్టి జాయింట్ అని చెప్పారు. ఎవరిది కరెక్టు?"

ఈ ప్రశ్నకు నాకు హుషారొచ్చింది. ఇంట్లో విమానమేమిటి అనుకునేవాళ్లకు ఒక్క మాట: ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2019లో దాన్ని ఎగరేయడానికి పర్మిట్ సంపాదించారు. ఇక తీగ దగ్గరికి వద్దాం.

విమానానికి వాడే 22 గేజి తీగ కోసి చూస్తే లోపల 19 పోగులుంటాయి. ఒక్కో పోగు 0.16 మిల్లీమీటర్లు. వంగేటప్పుడు ఏ పోగుకా పోగు కాస్త జరుగుతుంది కాబట్టి తీగ మెత్తగా ఉంటుంది. దాని కొనకు టంకం వేశామనుకోండి. తగరం, సీసం కలిసిన ఆ ద్రవం ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది. ఇన్సులేషన్ కిందికి ఎంత దూరం పోయిందో బయటికి కనపడదు. చల్లారాక అంతవరకు తీగ పోయి కడ్డీ అవుతుంది.

ఇక్కడ చిన్న లెక్క. తీగ వంగినప్పుడు దాని పైపొర సాగే పాళ్లు, మందాన్ని వంపు వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో వంచితే 0.16 మందం పోగు 0.2 శాతం సాగుతుంది. 19 పోగులు అతుక్కుని 0.8 మిల్లీమీటర్ల కడ్డీ అయితే అదే వంపులో సాగేది ఒక శాతం. అయిదింతలు! కడ్డీ అంత తేలిగ్గా వంగదు కాబట్టి వంపంతా టంకం ఆగిపోయిన ఆ అంచు మీద పడుతుంది. నిమిషానికి 2,700 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు రెండు పేలుళ్లు. అంటే సెకనుకు 90, గంటకు 3,24,000 కుదుపులు. టంకం నిక్షేపంగా ఉంటుంది, దాని పక్కన రాగి తెగుతుంది.

మరి నొక్కుడు ఎందుకు నిలుస్తుంది? మా కందుకూరు వైపు (ఒంగోలు గిత్తల బండ్లు ఎప్పుడో పోయాయి) కమ్మరి బండి చక్రానికి ఇనప పట్టా వేయడం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పట్టాను చక్రం కంటే ఒక పిసరు చిన్నగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తాడు. బుస్సుమని ఆవిరి లేస్తుంది, పట్టా ముడుచుకుంటుంది, ఆకులన్నీ కిర్రుమంటూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి ఉంటుంది. చక్రాన్ని పట్టుకున్నది మేకులు కాదు, ఆ ఒత్తిడే.

లగ్గులో మంట లేదు, అంతే తేడా. టూల్ నొక్కినప్పుడు గొట్టమూ పోగులూ శాశ్వతంగా రూపు మారతాయి. వదిలాక రెండూ కొంచెం వెనక్కి వద్దామని చూస్తాయి. పోగులు ఉబ్బాలనుకున్నంతగా గొట్టం తెరుచుకోదు, కాబట్టి ఆ బిగువు లోపల ఉండిపోతుంది. లోహాల మీద ఉన్న పొరలు చిట్లి, పచ్చి లోహం పచ్చి లోహాన్ని తాకుతుంది. మంచి నొక్కుడును అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి పోగులు తేనెపట్టు గదుల్లా ఆరు పలకలు తిరిగి ఉంటాయి. గాలి దూరడానికి కూడా సందుండదు.

వంపు పడే ఆ అంచు ఇక్కడా ఉంటుంది, దాచడం దేనికి? కానీ అది ఎక్కడుందో మనకు తెలుసు. మంచి లగ్గుకు ఇన్సులేషన్‌ను కూడా పట్టుకునే రెండో పట్టు ఉంటుంది, కుదుపు అది కాస్తుంది.

బండి చక్రం ఎండాకాలంలో వదులైతే చెరువులో నిలబెట్టేవాళ్లు. చెక్క ఎండి కుంచించుకుపోవడమే జబ్బు. సీసం కలిసిన టంకానికీ అలాంటి జబ్బే ఉంది, బరువు మీదుంటే మెల్లగా జారిపోతుంది. మా బావ రొయ్యల గుంట మీద ఏరేటర్ ఒక రాత్రి ఆగిపోయింది. విప్పి చూస్తే టెర్మినల్ నల్లగా మాడి ఉంది. "లెడ్ పోసి మరీ బిగించాడు గదరా!" అన్నాడు బావ. అదే తప్పు. స్క్రూ కింద టంకం కొద్దికొద్దిగా పక్కకు జరిగి, బిగువు పోయి, వేడెక్కింది. ఆ మోటారుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు, కొనల టంకం కోసేసి లగ్గులు కొట్టించాను.

టంకాన్ని తిట్టడం లేదు. విమానం రేడియోలో సర్క్యూట్ బోర్డంతా టంకమే. తీగకు వేసినా, పైన హీట్‌ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం) తొడిగి దగ్గర్లో క్లాంపు కడితే బాగానే పనిచేస్తుంది. కాకపోతే అది చేతివాటం మీద ఆధారపడిన పని. లగ్గు నొక్కే ర్యాచెట్ టూల్ పూర్తిగా నొక్కేదాకా వదలదు, కొత్తవాడు నొక్కినా అంతే. మన ల్యాబుల్లో టంకం 183 డిగ్రీలకు కరుగుతుందని రాస్తే మార్కులిస్తారు, జాయింట్‌ను లాగి చూడమని ఎవరూ అడగరు.

కాబట్టి నేనే లాగి చూశాను. ఈ 22 గేజి తీగ లగ్గులోంచి రాకుండా కనీసం 15 పౌండ్లు, అంటే దాదాపు 6.8 కిలోలు ఆపాలని అమెరికా సైనిక ప్రమాణం. రెండు లగ్గులు తీసుకుని ఒకటి కటింగ్ ప్లేయర్‌తో నలిపాను, ఇంకోటి ర్యాచెట్ టూల్‌తో కొట్టాను. దూలానికి కట్టి, కింద బకెట్ తగిలించి, చెంబుతో నీళ్లు పోస్తూ పోయాను. ప్లేయర్‌ది మూడో లీటరుకే జారింది, నా కాళ్లు తడిశాయి. రెండోది తొమ్మిది కిలోల దాకా ఆగింది. తరవాత తెగింది తీగే, లగ్గుకు బెత్తెడు దూరంలో.