లోలకం లెక్కలో దాగిన ఒకటి

లోలకం పది డోలనాలకు తీసుకునే కాలాన్ని ఐదుసార్లు కొలిచామనుకుందాం. స్టాప్‌వాచ్ 20.1, 20.3, 19.9, 20.2, 20.0 సెకన్లు చూపింది. సగటు 20.1. ఒక్కో కొలతకూ సగటుకూ ఉన్న తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, నాలుగుతో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 0.16 వస్తుంది. ఇది ప్రామాణిక విచలనం. కొలతలు ఐదుండగా నాలుగుతో ఎందుకు భాగించాలి? సగటును కూడా ఆ ఐదింటి నుంచే తీశాం కాబట్టి. నాలుగు తేడాలు తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది.

డిగ్రీలో చేరిన కొత్తలో విద్యార్థులు తడబడేది దీని తరువాతి మెట్టు దగ్గర. 0.16 అన్నది కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది. సగటును ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే ఆ 0.16ను కొలతల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. అలా వచ్చే 0.07 ప్రామాణిక దోషం. దాన్ని సగానికి తగ్గించాలంటే ఐదు కొలతలు చాలవు, ఇరవై కావాలి. ల్యాబ్ రికార్డులో 20.10 ± 0.07 అని రాసి, కింద గీత గీసేస్తాం.

ఇంత ముచ్చటైన ఫలితమూ తప్పు కావచ్చు. లోలకాన్ని వదులుతూనే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టారనుకోండి. ‘పది’ అనేసరికి పూర్తయ్యేవి తొమ్మిది డోలనాలే. లోలకం పొడవు 124 సెంటీమీటర్లయితే, ఈ కాలం నుంచి లెక్కగట్టే గురుత్వ త్వరణం 9.8 మీ/సె²కి బదులు 12.1 అని వస్తుంది. ఐదు కొలతలూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి, కానీ అన్నిటిలోనూ ఒకే తప్పు ఉంది. ఇలాంటిదాన్ని క్రమదోషం అంటారు. కొలతను ఐదువందల సార్లు చేసినా అది తగ్గదు. ± పక్కన ఉన్న అంకె మన కొలతలు తమలో తాము ఎంత విభేదిస్తున్నాయో చెబుతుంది. అవన్నీ కలిసి సత్యానికి ఎంత దూరంగా ఉన్నాయో దానికి తెలియదు.

ఆరితేరిన చేతులకూ ఈ చిక్కు తప్పలేదు. 1879లో అనాపొలిస్‌లోని అమెరికా నౌకాదళ అకాడమీలో భౌతికశాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్ తిరిగే అద్దంతో కాంతి వేగాన్ని కొలిచాడు. ఆయన నమోదు చేసిన వంద కొలతలను ఇప్పటికీ గణాంకశాస్త్ర తరగతుల్లో వాడుతుంటారు. గాలిలో వేగానికి వాటి సగటు సెకనుకు 2,99,852 కిలోమీటర్లు. ప్రామాణిక విచలనం 79, ప్రామాణిక దోషం సుమారు 8. శూన్యంలో కాంతి వేగం 2,99,792 అని నేడు మనకు తెలుసు. గాలిలో అది ఇంకా తక్కువ. అంటే ఆయన సగటు కనీసం 60 కిలోమీటర్లు ఎక్కువ. అది ప్రామాణిక దోషానికి ఏడు రెట్లకు పైమాటే!

ఆ వంద కొలతలను ఇరవై చొప్పున ఐదు జట్లుగా విడదీసి గ్రాఫు గీస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి జట్టు సగటు 2,99,909. మిగతా నాలుగు జట్ల సగటులు 2,99,820కీ 2,99,856కీ మధ్యనే ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఒకే సగటు తీస్తే ఈ తేడా కంటికి కనబడదు. అందుకే పాఠం సూత్రాలతో మొదలవడం నాకు నచ్చదు. ముందు అంకెలను కొలిచిన వరుసలోనే గ్రాఫు మీద పెట్టి తీరిగ్గా చూడాలి, తరువాతే సగటు జోలికి వెళ్లాలి.

మన లోలకంలో దాగిన తప్పునూ గ్రాఫే పట్టిస్తుంది, కాకపోతే కొలిచే తీరు మార్చాలి. పొడవును మారుస్తూ, డోలన కాలం వర్గాన్ని పొడవుకు ఎదురుగా గీస్తే లాభం లేదు. అన్ని కాలాలూ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉంటాయి కనుక గీత బుద్ధిగా సున్నా గుండానే పోతుంది. దానికి బదులు ‘పది’, ‘ఇరవై’, ‘ముప్పై’ లెక్కలకు పట్టిన కాలాలను విడివిడిగా కొలిచి, లెక్కను అడ్డంగా, కాలాన్ని నిలువుగా గుర్తించండి. మూడు చుక్కలనూ కలిపే సరళరేఖను కిందికి పొడిగిస్తే అది అడ్డ అక్షాన్ని సున్నా దగ్గర తాకదు, ఒకటి దగ్గర తాకుతుంది.