మేయర్‌కి మళ్లీ అవకాశం ఇవ్వాలా? విశాఖలో నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

మునిసిపల్ కౌన్సిల్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అజెండా తయారుచేయడం, సభలో ఎవరేం మాట్లాడారో రాసుకోవడం, తీర్మానాలు ఫైలెక్కించడం నా పని. ఎన్నికల మాట వినపడగానే తెలిసినవాళ్లు అడిగేది ఒకటే, "ఈ మేయర్‌కి మళ్లీ ఓటేద్దామా, వద్దా?" అని.

అపోహ: మేయర్‌ని మనమే ఎన్నుకుంటాం.

లేదండీ. మన ఓటు వార్డు కార్పొరేటర్‌కి. గ్రేటర్ విశాఖ మునిసిపల్ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో 98 వార్డులున్నాయి, గెలిచిన కార్పొరేటర్లూ, ఎక్స్ అఫీషియో (అంటే తమ పదవి వల్ల సభలో చోటు దక్కిన) సభ్యులుగా ఉన్న ఎమ్మెల్యేలూ ఎమ్మెల్సీలూ ఎంపీలూ కలిసి మేయర్‌ని ఎన్నుకుంటారు. అంటే రెండోసారి మేయర్ కావాలనుకునే మనిషి ముందు ఒక వార్డులో గెలవాలి, ఆ వార్డు రిజర్వేషన్ కుదరాలి, మేయర్ పదవి రిజర్వేషన్ కూడా కుదరాలి, ఇవన్నీ అయ్యాక పార్టీ తన పేరే చెప్పాలి. ఐదేళ్లూ ప్రాణం పెట్టి పనిచేసినా రిజర్వేషన్ మారిందంటే దారి మూసుకుపోయినట్టే. నాకు ఇది బాధగానే ఉంటుంది.

అపోహ: ఒకసారి కూర్చుంటే ఐదేళ్లు కదిలించలేరు.

2021 మార్చిలో మేయరైన గొలగాని హరి వెంకట కుమారిపై 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసం నెగ్గింది. నాలుగేళ్లు నిండాకే పెట్టాలన్నది అప్పటి రూలు. 74 ఓట్లు కావాలి, సరిగ్గా 74 వచ్చాయి. అదే నెల 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు.

అపోహ: ఊరికి పెద్ద మేయరే, తలుచుకుంటే ఏదైనా చేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పనులు నడిపించే అధికారం కమిషనర్‌ది, ఆయన్ని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది, మాస్టర్ ప్లాన్ నగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది, పోర్టు భూములు పోర్టువి. ఆస్తిపన్నుని అద్దె విలువ నుంచి ఆస్తి విలువకి మార్చింది కూడా రాష్ట్ర చట్టమే, 2021 నుంచి అలాగే వేస్తున్నారు, మేయర్ ఒక్క సంతకంతో దాన్ని రద్దు చేయలేరు. కాబట్టి "పన్ను తీసేస్తా, మెట్రో తెస్తా" అని ఎవరైనా ప్రచారంలో చెబితే అది వాళ్ల చేతిలో లేని మాటని గుర్తుపెట్టుకోండి.

మరి చేతిలో ఉన్నదేంటి? బడ్జెట్ ఆమోదం, పదిమంది సభ్యుల స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) అధ్యక్షత, సభని నడపడం. వినడానికి చిన్నవిగా ఉంటాయి గానీ ఏ పనికి ముందు డబ్బు పడుతుంది, ఏది మరుగున పడిపోతుంది అన్నది తేలేది అక్కడే. ఒకప్పుడు ఒక కార్పొరేటరమ్మ తన కొండవాలు ప్రాంతానికి మంచినీళ్ల లైను కావాలని మీటింగు మీద మీటింగు అడిగేవారు. కింద ట్యాంకర్ ఆగితే ఆడవాళ్లు బిందెలెత్తుకుని మెట్లెక్కాలి. ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అనే జవాబే. ఒక రోజు మేయర్ ఆ అంశాన్ని వాయిదా వేయనివ్వలేదు, అంచనాలు ఎప్పటికి వస్తాయో తేదీ చెప్పేదాకా ఇంజినీర్ని కూర్చోనివ్వలేదు. ఆ మాట మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, నేనే రాశాను. లైను పడటానికి ఇంకా చాలా టైం పట్టింది, కానీ ఫైలు కదిలింది మాత్రం ఆ రోజే.

నీళ్ల గురించి ఇంకో మాట. మనం తాగేది తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు లాంటి చోట్ల నుంచి వచ్చే నీళ్లు, ఏలేరు కాలువైతే సుమారు 150 కిలోమీటర్లు నడిచి వస్తుంది. రైవాడ నీళ్లు మాకు కావాలని అక్కడి రైతులు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, వాళ్ల మాటలో న్యాయముంది. అందుకే మేయర్ అభ్యర్థి ఎవరైనా ఊళ్లో లీకేజీలు ఆపడం, కొండవాలు ఇళ్లకి నీళ్లెక్కించడం గురించి ముందు మాట్లాడాలని నా కోరిక.

అపోహ: మేయర్ లేకపోయినా ఊరు ఆగదు.

ఆగలేదు, నిజమే. 2007లో గెలిచిన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. ఆ మధ్యంతా ప్రభుత్వం వేసిన స్పెషలాఫీసర్ల పాలనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మనకి మేయరూ లేరు, కార్పొరేటరూ లేరు. 2017లో నగరాల పరిశుభ్రత సర్వే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో ర్యాంకు వచ్చినప్పుడూ లేరు. అధికారులు, పారిశుధ్య కార్మికులు కష్టపడ్డారు, ఆ ఘనత వాళ్లదే. కానీ మా వీధిలో పడిన చెట్టు ఇంకా ఎందుకు తియ్యలేదని అడగడానికి వార్డులో ఒక మనిషంటూ లేకపోవడం ఏమిటో ఆ రోజుల్లో అనుభవించినవాళ్లకి తెలుసు. తొమ్మిదేళ్లంటే తక్కువ కాదు కదా.

అపోహ: లోపల ఏం జరిగిందో మనకి తెలిసే దారి లేదు.

ఉంది. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, కాపీలకి ఇంకొంత అవుతుంది. గత ఏడాది కౌన్సిల్ సమావేశాల మినిట్స్, స్థాయీ సంఘం తీర్మానాలు అడగండి. కాగితాలు చాలా వస్తాయి, భయపడకండి. ముందు మీ వార్డు నంబరు ఎక్కడెక్కడ ఉందో వెతకండి, తర్వాత దాని పక్కన "ఆమోదించడమైనది" అని ఉందో, "వాయిదా వేయడమైనది" అని ఉందో చూడండి.