వేరుశనగ వేరు బుడిపెల్లో పుట్టే హైడ్రోజన్: వృథా అన్న లెక్క ఎలా మొదలైంది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట పొలాల్లో వేరుశనగ విత్తే రైతుకు ఏటా వినిపించే సలహా రైజోబియం కల్చర్: చల్లార్చిన బెల్లం నీళ్లలో ఆ పొడిని కలిపి, విత్తనానికి పలుచగా పట్టించి, నీడన ఆరబెట్టి విత్తుకోవాలి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే ఈ బాక్టీరియా ఆ పని చేస్తూనే హైడ్రోజన్ వాయువును కూడా వదులుతుంది. ఆ హైడ్రోజన్‌ను మళ్లీ వాడుకోగల రకాన్నే కల్చర్‌కు ఎంచుకోవాలా అన్న ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

ఈ బాక్టీరియా కాపురముండే వేరు బుడిపెలే నత్రజనిని పట్టి ఇస్తాయని 1880ల్లో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ నిరూపించారు. 1888లో నెదర్లాండ్స్‌లో బైజరింక్ ఆ బాక్టీరియాను వేరుచేశాడు. హైడ్రోజన్ ప్రసక్తి వచ్చింది 1930ల్లో, అదీ అనుకోకుండా. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పెర్రీ విల్సన్ బృందం క్లోవర్ అనే పప్పుజాతి పశుగ్రాసపు మొక్కలతో ప్రయోగాలు చేస్తూ, ఏ చర్యలోనూ కలగజేసుకోదన్న నమ్మకంతో గాలిలో నత్రజనికి బదులు హైడ్రోజన్ నింపితే, అదే నత్రజని స్థాపనకు అడ్డుపడింది. 1941లో ఫెల్ప్స్, విల్సన్ బుడిపెల బాక్టీరియాలో హైడ్రోజన్‌ను వినియోగించే హైడ్రోజనేజ్ ఎంజైమును గుర్తించారు. 1957లో బరిస్ బృందం సోయా బుడిపెల నుంచి హైడ్రోజన్ వెలువడుతోందని చూపింది. దాన్ని పుట్టిస్తున్నది నత్రజనిని అమోనియాగా మార్చే నైట్రోజనేజే అని 1960ల్లో తేలింది.

ఒక నత్రజని అణువు రెండు అమోనియా అణువులుగా మారడానికి కనీసం 16 ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు), 8 ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. ఆ ఎనిమిదిలో రెండు హైడ్రోజన్ తయారీకే పోతాయి. నత్రజనిని ఎంత ఎక్కువగా అందించినా ఈ ఖర్చు తప్పదు. 50 అట్మాస్ఫియర్ల పీడనంతో నత్రజనిని ఎక్కించినా సుమారు పావు వంతు ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ వైపే వెళ్లాయని 1984లో సింప్సన్, బరిస్ ప్రకటించారు.

నలభై రోజుల వేరుశనగ మొక్కను మట్టితో సహా పెకలించి, పక్కవేరు మొలిచిన చోట అంటుకున్న ఆవగింజంత బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. ఆక్సిజన్ సోకితే పాడయ్యే నైట్రోజనేజ్ దగ్గర ఆ వాయువును అదుపులో ఉంచే లెగ్‌హీమోగ్లోబిన్ రంగు అది. హైడ్రోజన్‌ను బాక్టీరియా మండించుకుంటే మిగులు ఆక్సిజన్ ఖర్చవుతుందని, హైడ్రోజన్ పేరుకుని నత్రజని స్థాపనను అడ్డుకోకుండా ఉంటుందని, కొంత ఏటీపీ కూడా తిరిగి దక్కుతుందని ఎడిన్‌బరోలో డిక్సన్ 1972 నాటికే వివరించాడు.

ఈ వివరణ ప్రయోగశాల గడప దాటింది 1976లో. చాలా పప్పుజాతి మొక్కల బుడిపెల్లో నైట్రోజనేజ్‌కు చేరే ఎలక్ట్రాన్లలో 40 నుంచి 60 శాతం హైడ్రోజన్‌గా పోతున్నాయని ఒరెగన్‌లో షూబర్ట్, ఎవాన్స్ లెక్కగట్టారు. చమురు సంక్షోభంతో యూరియా ధర మండిపోయిన రోజులవి కాబట్టి, ఆ లెక్క అందరినీ కదిలించడంలో వింత లేదు. హైడ్రోజన్‌ను తిరిగి వాడుకునే బాక్టీరియా రకాల కోసం వెతుకులాట మొదలైంది. 1980ల్లో హైడ్రోజనేజ్‌కు కారణమైన జన్యువులను వేరుచేశారు. ఆ ఎంజైముకు నికెల్ అవసరమని గుర్తించారు. సోయాపై కొన్ని పరీక్షల్లో నత్రజని పెరిగింది, మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిజంగా అంత నష్టమే అయితే, ఆ ఎంజైము లేని రకాలు ప్రకృతిలో ఇంత విస్తారంగా ఎలా నిలిచాయన్నది అప్పుడే గట్టిగా అడగాల్సిన మాట.

జవాబులో కొంత భాగం మట్టిలో దొరికింది. బుడిపెల నుంచి వెలువడిన హైడ్రోజన్ గాలిలో కలిసేలోపే చుట్టూ ఉన్న మట్టిలోని ఇతర బాక్టీరియా దాన్ని వాడుకుంటుంది. కెనడాలో డాంగ్, లేజెల్ 2001లో హైడ్రోజన్ తగిలించిన మట్టిని పరిశీలించి, అందులోని సూక్ష్మజీవులు ఆ శక్తిలో కొంత భాగంతో కార్బన్ డయాక్సైడ్‌ను కూడా స్థిరీకరిస్తున్నాయని చూపారు. అలాంటి మట్టిలో పప్పుజాతివి కాని పైర్లు కూడా మెరుగ్గా పెరిగినట్లు ఆ తరువాతి ప్రయోగాల్లో కనిపించింది.

ఇది మన దగ్గర ఆలోచించదగ్గ విషయమే. వేరుశనగను వేళ్లతో సహా పీకి, కాయ కోసుకుని, కట్టెను పశువులకు వామి వేస్తాం. దాంతో బుడిపెల్లోని నత్రజనిలో కొంత పొలం దాటిపోతుంది. పైరు ఉన్నన్నాళ్లూ వేళ్ల చుట్టూ మట్టిలోకి వెళ్లిన హైడ్రోజన్ మాత్రం కట్టెతో పాటు వామికి చేరదు.