సినిమాలోని అస్సీసి ఫ్రాన్సిస్: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీసభ చరిత్ర బోధించే నేను, ఇటలీలో ఆస్తిపాస్తులు వదిలి పేదరికాన్ని ఎంచుకుని సన్యాస సంఘాన్ని స్థాపించిన పునీత అస్సీసి ఫ్రాన్సిస్ పండుగకు (ఏటా అక్టోబరు 4) ముందు, ఆయన జీవితంపై దర్శకుడు జెఫిరెల్లి 1972లో తీసిన ‘బ్రదర్ సన్, సిస్టర్ మూన్’ చిత్రాన్ని విద్యార్థులకు చూపిస్తుంటాను. ఆ చిత్రం అందమైనదే. ఆ అందాన్నే చరిత్ర అనుకోవడం వల్ల తరగతిలో కొన్ని మాటలు ప్రతిసారీ వినవలసి వస్తోంది.

అపోహ: జబ్బు నుంచి లేచి, ఇంటి కప్పు మీద పిట్ట వెంట నడిచిన ఘడియలోనే ఆయనకు కనువిప్పు కలిగింది.

వాస్తవం: 1202లో పొరుగు నగరం పెరూజియాతో జరిగిన యుద్ధంలో పట్టుబడి దాదాపు ఏడాది చెరలో గడిపిన ఫ్రాన్సిస్, విడుదలయ్యాక చాలాకాలం జబ్బుపడ్డాడు, కోలుకున్న తర్వాత కూడా యోధుడిగా పేరు తెచ్చుకోవాలనే ఆశతో దక్షిణ ఇటలీలోని అపూలియాకు బయలుదేరి, దారిలోని స్పొలేతో పట్టణం నుంచి వెనుదిరిగాడు. బట్టల వ్యాపారి అయిన తండ్రి మూటలను సినిమాలో కిటికీలోంచి విసిరేస్తాడు గాని, తొలి జీవితచరిత్ర ప్రకారం వాటిని ఫొలీన్యో పట్టణంలో అమ్మి, ఎక్కి వెళ్లిన గుర్రాన్ని కూడా అమ్మేశాడు. బిషప్ ఎదుట ఒంటి మీది బట్టలు విప్పి తండ్రికి అప్పగించింది 1206లో. అంటే ఈ మార్పుకు సుమారు నాలుగేళ్లు పట్టింది. అది ఎక్కడ మొదలైందో 1226లో రాయించిన మరణశాసనంలో ఆయనే చెప్పాడు: పాపంలో ఉన్నప్పుడు కుష్ఠరోగులను చూడడమే తనకు మహా చేదుగా ఉండేదని, ప్రభువే తనను వారి మధ్యకు నడిపించాడని, వారిని కరుణించిన తర్వాత ఆ చేదే తీపిగా మారిందని. సినిమాలో కుష్ఠరోగులు లేకపోలేదు. అయితే కథను మలుపు తిప్పే పని వారికి దక్కలేదు. నా దృష్టిలో ఆ చిత్రంలోని పెద్ద లోపం ఇదే.

అపోహ: ఆయన బాటలో సన్యాసిని అయిన అస్సీసి యువతి క్లారా ఆయన యౌవనకాలపు ప్రేయసి.

వాస్తవం: 1206 నాటికి ఆమెకు పన్నెండేళ్లు. 1212లో మ్రానికొమ్మల ఆదివారం రాత్రి ఇల్లు విడిచి సన్యాస జీవితంలోకి వచ్చింది.

అపోహ: పోపు మూడవ ఇన్నోసెంట్ ఫ్రాన్సిస్ పాదాలు ముద్దుపెట్టుకున్నాడు.

వాస్తవం: 1209 ప్రాంతంలో ఫ్రాన్సిస్ సన్యాస సంఘానికి ఆ పోపు నుంచి దొరికింది నోటిమాటగా ఇచ్చిన అనుమతి మాత్రమే. ఆ సంఘపు నియమావళికి లిఖితపూర్వక ఆమోదం 1223లో తర్వాతి పోపు మూడవ హొనోరియస్ ఇచ్చాడు. పోపుల నివాసం అప్పట్లో రోములోని లాటెరన్. తెర మీద మనం చూసే బంగారు మొజాయిక్కులు మాత్రం సిసిలీలోని మొన్రియాలె కతీడ్రల్‌వి.

అపోహ: సూర్యచంద్రులను తోబుట్టువులుగా పిలిచే గీతం పూలతోటల్లో తిరిగిన యువకుడిది.

వాస్తవం: చిత్రానికి పేరునిచ్చిన ఆ గీతాన్ని ఆయన 1225లో, చూపు దాదాపు పోయి, పగటి వెలుగును కూడా కళ్లు ఓర్చుకోలేని స్థితిలో, అస్సీసి శివారులోని సాన్ దమియానో గుడి దగ్గర పడుకుని ఉంబ్రియా ప్రాంతపు వాడుక భాషలో కట్టాడు. చందమామ అని పిలుచుకునే మన పిల్లలు చంద్రుడు సోదరి ఎలా అవుతాడని నవ్వుతారు. ఆ భాషలో చంద్రుడు స్త్రీలింగం. ఈ గీతం ఆయనదే గాని, ఆయన పేరుతో వినిపించే ‘నన్ను నీ శాంతి సాధనంగా చేయుము’ అనే ప్రార్థన మాత్రం ఆయనది కాదు, అది 1912లో ఒక ఫ్రెంచి పత్రికలో తొలిసారి కనిపించింది. సూర్యచంద్రులను పిలిచే ఆ గీతానికి ఆయన చివరగా చేర్చిన చరణం మృత్యువును సోదరీ అని పిలుస్తుంది. 1226 అక్టోబరు 3 సాయంత్రం ఆయన కన్నుమూశాడు.