ఆంక్షలు పెడితే ఇంజిన్ తయారైపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పాత ఎయిర్‌పోర్టు రోడ్డు చుట్టుపక్కల విమాన ఇంజిన్ల మీద పనిచేసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఎక్కడ యుద్ధం మొదలైనా అపార్ట్‌మెంటు గ్రూపుల్లో, ఊరి నుంచి వచ్చే ఫోన్లలో ఈ మాటలే వినిపిస్తుంటాయి. మాకు తెలిసినంతలో వాటికి జవాబులివి.

అపోహ: యుద్ధం వస్తేనే కొత్తవి కనిపెడతారు. జెట్ ఇంజినే సాక్ష్యం.

వాస్తవం: బ్రిటన్ ఇంజినీరు ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజిన్‌ పేటెంట్‌కు దరఖాస్తు చేసింది 1930లో. 1935లో రెన్యూవల్‌కు 5 పౌండ్లు కట్టాల్సి వస్తే ప్రభుత్వం కట్టలేదు, ఆయన దగ్గరా లేవు. పేటెంట్ కాస్తా పోయింది. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజిన్‌తో హైంకెల్ 178 ఎగిరింది 1939 ఆగస్టు 27న, అంటే యుద్ధానికి ముందే. పెన్సిలిన్ 1928 నాటిది, అణు విచ్ఛిత్తి 1938 డిసెంబరు నాటిది. యుద్ధం వీటిని పుట్టించలేదు. అప్పటికే చేతిలో ఉన్న విషయానికి డబ్బునీ మనుషుల్నీ తొందరనీ జోడించింది, అంతే.

ఆ తొందర ఎలాంటి ఇంజిన్‌ను ఇస్తుందో జర్మన్లు యుద్ధకాలంలో చేసిన యూమో 004 జెట్ ఇంజిన్ చూస్తే తెలుస్తుంది. వేడిని తట్టుకునే లోహానికి కావాల్సిన నికెల్, క్రోమియం దొరక్క దహన గదుల్ని మామూలు ఉక్కుతో చేసి, పైన అల్యూమినియం పూత పూశారు. ఇంజిన్ ఆయుష్షు 10 నుంచి 25 గంటలు.

అపోహ: ఆంక్షలు పెట్టడమే మంచిదైంది, కసితో మనమే చేసుకున్నాం.

వాస్తవం: అందరూ చెప్పేది క్రయోజెనిక్ ఇంజిన్, అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్ సంగతి. 1992లో ఇస్రో మీద, ఆ ఇంజిన్ టెక్నాలజీ ఇస్తానన్న రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వడం మానుకుని తయారైన ఇంజిన్లు మాత్రం ఇచ్చింది. మన ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ విజయవంతమైంది 2014 జనవరి 5న. మధ్యలో ఇరవయ్యేళ్లు గడిచాయి. 2010 ఏప్రిల్ 15న జరిపిన ప్రయోగంలో ఇంజిన్ వెలిగీ వెలగ్గానే, దానికి ద్రవ హైడ్రోజన్ ఇంధనాన్ని తోసే బూస్టర్ టర్బో పంపు ఆగిపోయింది. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి బేరింగు, కేసింగు ఒకే తీరున ముడుచుకోవు. మధ్య సందు లెక్క తప్పితే పంపు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత పంపు డిజైన్ మార్చారు, ఇంజిన్ శూన్యంలో వెలుగుతుందో లేదో నేలమీదే పరీక్షించారు. కసి అందరికీ ఉంటుంది, గట్టెక్కించింది మాత్రం ఆ పరీక్షలు.

నమ్మకం కలగకపోతే మా పక్కనే ఉన్న రక్షణ శాఖ ఇంజిన్ల పరిశోధన సంస్థ జీటీఆర్‌ఈలో పుట్టిన కావేరి జెట్ ఇంజిన్ చూడండి. 1989లో మంజూరైంది, 1998 అణుపరీక్షల తర్వాత ఆంక్షలూ చవిచూసింది. కసికి లోటు లేదు. అయినా 2008లో మన యుద్ధవిమానం తేజస్ నుంచి దాన్ని విడదీయాల్సి వచ్చింది. ఎగురుతూ పరీక్షించే సదుపాయం మనకు లేక 2010 నవంబరులో రష్యా వెళ్లి ఇల్యూషిన్ 76 విమానానికి తగిలించి నడిపారు.

అసలు చిక్కు టర్బైన్ బ్లేడు, అంటే ఇంజిన్‌లో మండిన వాయువు తోపుకు తిరిగే చక్రం రెక్క. దాన్ని తాకే వాయువు వేడి, బ్లేడు చేసిన నికెల్ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అందుకే బ్లేడు లోపల గాలి తిరిగే సన్నటి దారులు, పైన సిరామిక్ పూత ఉంటాయి. మామూలు పోతలో లోహం గింజలు గింజలుగా గడ్డకడుతుంది. వేడికీ, తిరుగుడు లాగుడికీ ఆ గింజల అంచుల దగ్గరే లోహం సాగుతుంది. బ్లేడు పొడవు పెరిగి కేసింగుకు రాసుకుంటుంది. అంచులే లేకుండా చేయాలంటే బ్లేడంతా ఒకే స్ఫటికంగా పెరగాలి. అచ్చు అడుగున మెలికల గొట్టం పెడతారు, అందులోంచి ఒక్క గింజే పైకి చేరుతుంది. అచ్చును కొలిమి నుంచి కిందికి దించే వేగం తేడా వస్తే పక్క గింజలు మొలుస్తాయి, తనిఖీలో అది కనిపించగానే బ్లేడు తుక్కులోకి. ఆ వేగం ఎంతో పేపర్లు చదివితే తెలియదు, వందల బ్లేడ్లు పాడుచేస్తేనే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహాల పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 ఏక స్ఫటిక బ్లేడ్లు విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది 2021లో.

అపోహ: దేశాభిమానం ఉంటే బయటివాళ్ల అవసరం లేదు.

వాస్తవం: 1933లో జర్మనీ యూదు శాస్త్రవేత్తల్ని తరిమేసింది. వాళ్లలో క్వాంటం మెకానిక్స్ దిగ్గజం మాక్స్ బోర్న్ ఒకరు. సర్ సి.వి. రామన్ 1935లో ఆయన్ని బెంగళూరులోని మన సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీకి రప్పించి, శాశ్వత ప్రొఫెసర్‌గా ఉంచుకోవాలని పట్టుబట్టారు. సొంత దేశం వద్దన్న విదేశీయుడు మనకెందుకన్న వాదన గెలిచింది. బోర్న్ 1936లో ఎడిన్‌బరో వెళ్లిపోయారు, 1937లో రామన్ ఐఐఎస్‌సీ డైరెక్టర్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఈ ఊరి విజ్ఞానానికి జరిగిన నష్టాల్లో ఇది చాలా పెద్దదని మా అభిప్రాయం.

అపోహ: "పూర్తి స్వదేశీ" అని వార్తల్లో వస్తే అంతా మనదే.

వాస్తవం: తేజస్ మార్క్ 1 డిజైన్ మనది, ఫ్లై-బై-వైర్ కంట్రోల్ లా (పైలట్ ఇచ్చే ఆదేశానికి విమానం ఎలా స్పందించాలో కంప్యూటర్‌కు చెప్పే సూత్రాలు) మనది, ఇంజిన్ అమెరికా జీఈ ఎఫ్404. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలాంటి వార్త ఈసారి కనిపిస్తే బ్లేడు ఎక్కడ పోత పోశారు, ఇంజిన్‌ను ఎత్తులో ఎక్కడ పరీక్షించారు, ఎన్ని గంటలు నడిపారు అని అడగండి.