వ్యసనం మానాక దూరపు పరుగు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ఒళ్లంతా చెమట పట్టేలా పరిగెత్తితే మద్యం త్వరగా దిగిపోతుంది.

వాస్తవం: మద్యాన్ని ప్రధానంగా కాలేయమే వదిలిస్తుంది, చెమటతో పోయేది అత్యల్పం. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే, చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు, ఆ తర్వాత మతిభ్రమ కూడా కలగవచ్చు. ఆ రోజులు వైద్యుల పర్యవేక్షణలోనే గడవాలి.

అపోహ: బాధను ఎంత ఓర్చుకుంటే మనసు అంత గట్టిపడుతుంది.

వాస్తవం: కౌన్సెలర్‌గా నేను చూసినవారిలో చాలామందికి ఓర్పు ముందే ఉంది, ఒళ్లు సహకరించకపోయినా తాగుతూ వచ్చినవారే కదా. వారికి కష్టంగా తోచేది వేగం తగ్గించుకోవడం. మొదటి వారాల్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున 20 నిమిషాలు చేయిస్తాను. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే చాలు. నడవాల్సిన ఆ రెండు నిమిషాల్లోనూ పిడికిళ్లు బిగించి, చేతి గడియారం వంకే చూస్తుంటారు. తాగాలనే తపన సాధారణంగా అరగంటలోపే పెరిగి, తగ్గుతుంది. ఆయాసమూ అలాంటిదే: ఇక నా వల్ల కాదనిపించిన చోట వేగం తగ్గించి కదులుతూ ఉంటే కాసేపట్లో సర్దుకుంటుంది. ఇలా పదేపదే గమనించినవారికి తపన వచ్చినప్పుడు కంగారు తగ్గడం నేను చూశాను. అయితే ఒకే చోట పుట్టి అడుగడుగుకూ పెరిగే నొప్పి వేరు, అక్కడ ఆగిపోవాలి. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడితే, ఎముకలకూ స్నాయుబంధనాలకూ నెలలు పడుతుంది.

అపోహ: పరుగులోని ఆనందం ఎండార్ఫిన్ల (ఒంట్లోనే పుట్టి నొప్పిని తగ్గించే రసాయనాల) వల్లే కలుగుతుంది కాబట్టి, తాగాలనే తపనను తగ్గించేందుకు ఇచ్చే, వాటి ప్రభావాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ వాడేవారికి అది దక్కదు.

వాస్తవం: ఈ భయంతో నాల్‌ట్రెక్సోన్ మానేస్తామన్నవారు నాకు తారసపడ్డారు. 2021లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో 63 మందిని 45 నిమిషాలు పరిగెత్తించగా, అదే మందు వేసుకున్నవారికీ ఆ ఉల్లాసం కలిగింది. శరీరంలోనే తయారయ్యే, గంజాయిలోని పదార్థాల్లా పనిచేసే ఎండోకెన్నబినాయిడ్లకు ఇందులో పాత్ర ఉందని పరిశోధకుల అభిప్రాయం.

అపోహ: పరుగు అలవాటైతే చికిత్సతో పని లేదు.

వాస్తవం: పరుగు చికిత్సకు తోడు మాత్రమే, పైగా అదే వ్యసనంగా మారినవారూ ఉన్నారు. గాయమైతే నొప్పి మందులు రాసే వైద్యుడికి పాత వ్యసనం సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే వాటిలో కొన్ని ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహాలో వ్యసనంగా మారగల మందులు. అలా పరుగు ఆగిపోయిన సాయంత్రాల్లో ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రోజే కాగితం మీద రాయిస్తాను.